వేలెడు గాజు ముక్క

లాలాపేటలో ఫొటోలకు ఫ్రేములు కట్టే సాంబయ్య దగ్గర
వేలెడు గాజు ముక్క కోయించుకున్నాను.
పది రూపాయలు. బిల్లివ్వడు.
ఆఫీసులో ఆ పదికి పద్దు లేదు.
"ఏ బొమ్మకమ్మా?" అన్నాడు.
బొమ్మకి కాదు, గోడకి.

మూడంతస్తులకి ప్లాను ఇచ్చింది ఎనభై రెండులో,
నేనింకా పుట్టలేదు.
నాలుగోది ఎప్పుడు మొలిచిందో కాగితం లేదు.
దాని నెత్తిన రెండు నీళ్ల ట్యాంకులు,
ట్యాంకుల మధ్య సెల్ టవరు.
రెండో అంతస్తులో మిర్చి టిక్కీలు ఎనభై,
టిక్కీకి నలభై కిలోలు.
లెక్క నేనే వేశాను, దగ్గుతూ.

కింద నాగూర్ మీరా కుట్టు మిషన్లు ఆరు.
మెట్ల పక్క పిల్లరు మీద పగులు
ఉగాదికి వెంట్రుకన్నాడు,
ఎండలకి దారం,
ఇప్పుడు లంగా నాడా.
బట్ట కొలిచే మనిషి, కొలత తప్పడు.

సుత్తితో తట్టాను. డొల్లగా పలికింది.
ఇంకోసారి తడితే పెచ్చు ఊడి
లోపల ఇనుము,
మడత కాజాలా పొరలు పొరలుగా.

అటో ముద్ద, ఇటో ముద్ద సిమెంటు పెట్టి
పగులుకి అడ్డంగా గాజు అతికించాను.
మైనం పెన్సిల్‌తో తేదీ: 19-7.
పిల్లరు కదిలితే ముందు ఇది చస్తుంది.

పై వాటాలో సువార్తమ్మ
పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది.
ఒక్క చూపుకే అర్థమైంది ఆవిడకి:
"థర్మామీటరన్నమాట."
రోజూ సాయంత్రం ఫోను.
"పేషంటు స్థిమితంగానే ఉన్నాడమ్మా."

ఓనరు వీరరాఘవయ్య కాఫీ ఇప్పించాడు.
"మా నాన్న కట్టించింది, మా అందరికన్నా గట్టిది" అని
నోటీసు మీద వక్కపొడి పళ్లెం పెట్టాడు.
వారానికి సర్టిఫికెట్టు తెచ్చాడు,
బిల్డింగు మొహం చూడని ఇంజనీరుది,
స్టాంపు మాత్రం చక్కగా పడింది.

వానలు వెళ్లాక చూద్దామన్నారు పై సారు.
వానలకే కదండీ భయం అన్నాను.
అయితే నోట్ పెట్టమన్నారు.
పెట్టాను. మూడు పెట్టాను.
రెండో నోటుకీ మూడోదానికీ మధ్య పదకొండు రోజులు.
ఆ పదకొండు రోజులూ ఏం చేశానో
నన్నెవరూ అడగలేదు.
నాకు నేనే అడిగితే
జవాబు దొరకదు.

ఆగస్టులో ఒక రాత్రి రెండుంపావుకి ఫోను.
"చప్పుడు కూడా కాలేదమ్మా,
మంచినీళ్లకి లేచి కిందికెళ్లి చూశాను."

రెయిన్‌కోటులో నేను, టార్చితో ఆవిడ,
తలుపు తలుపూ కొట్టాం.
పంతొమ్మిది మంది, ఆరు మిషన్లు, ఒక ఫ్రిజ్జు.
కానిస్టేబులు పరీక్షకి చదివే నాలుగో అంతస్తు కుర్రాళ్లు
ముందు వీడియో తీశారు, తర్వాత మిషన్లు మోశారు.
టిక్కీలు దించేవేళకి
వీధి వీధంతా దగ్గింది.

తెల్లారింది.
బిల్డింగు నిలబడే ఉంది.
కడిగిన మొహంతో, ఏమీ ఎరగనట్టు.

మునిసిపల్ స్కూల్లో బెంచీల మీద పడుకున్న వాళ్లు
నా వంక చూసిన చూపు చెప్పలేను.
వరలక్ష్మీ వ్రతం జాకెట్లు నలభై ఆగిపోయాయని
మీరా నా పేరెత్తి తిట్టాడట.
పత్రికలో మూడు వరుసలు, లోపలి పేజీ,
అధికారుల అత్యుత్సాహం అని.

నెలకి జేసీబీ వచ్చింది.
అదింతట అదే పడేదా కాదా
ఇక ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

కొత్త కొట్టులో మీరా నాతో మాట్లాడడు.
మిషన్లు దించేముందు మాత్రం
పిల్లర్లన్నీ టేపుతో కొలిచాడట,
సువార్తమ్మ చెప్పింది నవ్వుతూ.

తేదీ మధ్యలో విరిగిన గాజు నా బ్యాగులో ఉంది.
ఒక ముక్క మీద 19, ఇంకోదాని మీద 7.

నిన్న మళ్లీ సాంబయ్య దగ్గరికెళ్లాను.
ఈసారి మూడు కోయమన్నాను.
బొమ్మ సంగతి అడగలేదు.
అంచులు అరగదీసి, కాగితంలో చుట్టి
"ఎక్కడమ్మా?" అన్నాడు.